తిరుపతి ఎనుక సీసాలు

నువ్వు నమ్మవ్. మా ఊరి మైసమ్మ మీద ఒట్టేసి చెప్పినా నమ్మవ్, నాకెరుకే. నేను మూడో తరగతిల బడి ఎగ్గొట్టినోణ్ని. అయినా గిట్ల ముచ్చట చెప్పేటోడు సూర్యాపేట మొదలుకొని మిర్యాలగూడ దాక ఇంకోడు పుట్టలే. జర నోరు మూసుకొని ఇను.

మోతె ఊర్ల సెంట్రింగ్ పని చేసే తిరుపతి ఉన్నడు. పొద్దుగాల లేస్తడు, మొఖం కడుగుతడు, టిఫిన్ డబ్బా పట్టుకొని పనికి పోతడు. ఆయన ఎనుక ఆయన తాగిన సీసాలు పోతయ్. పదమూడేండ్ల సంది తాగిన క్వార్టర్లు, హాఫ్‌లు, బీర్లు, అన్నీ గలగల దొర్లుకుంట. ఊరోళ్లు పక్కకు జరిగి దారిస్తరు, గంతే. ఎదురింటి కౌసల్య ఒక్కతే తిడ్తది: "ఓ తిరుపతీ, నీ మంద నా ముగ్గంత చెరిపింది!"

తిరుపతి నాలుగుసార్లు తాగుడు మానిండు. నాలుగుసార్లూ పదకొండో రోజే మళ్ల ముట్టిండు. నేను చెప్పే ఆదివారం, అయిదోసారి మానినంక పదకొండో రోజు. చేతులు ఒక్క తీరుగ వణుకుతున్నయ్. ఆయన పెండ్లాం కళ్యాణి ముందుగాలే చెప్పేసింది.

"ఇయ్యాల తాగినవనుకో, చిలుకూరుకు మా అవ్వగారింటికి పోత. కాళ్లు పట్టుకున్నా మళ్ల రాను."

"ఒక్కన్నే ఎట్ల ఆపుకోవాలెనే?"

"సూర్యాపేటల మానినోళ్ల మీటింగు ఉంటదంట. నీ అసొంటోళ్లే కూసొని మాట్లాడుకుంటరంట. పో!"

బస్సెక్కిండు. కండక్టర్ అనూష సీసాలను సూసి, "అన్నా, వీటికి లగేజీ టికెట్ తీస్కో" అన్నది.

"ఆడోళ్లకు ఫ్రీ ఇస్తున్నరు కదమ్మా, జర వీటికి గూడ..."

"ఆధార్ కార్డు సూపియ్యమను!"

బస్సంత నవ్వింది. సీసాలు సీట్ల కింద సర్దుకున్నయ్.

సూర్యాపేటల మీటింగు గదికి తాళం. వాచ్‌మెన్ అన్నడు: "గీడనే కూసునేటోళ్లు. ఇప్పుడు కోదాడల పెడ్తున్నరంట."

"కోదాడల ఏడ?"

"ఎవలకెరుక? బోర్డు పెట్టరు, పేర్లు చెప్పుకోరు. ఇజ్జత్ పోతదని."

"మరి కొత్తోడు ఎట్ల దొరకవట్టాలె?"

"గదే కదా!" అని వాచ్‌మెన్ బీడీ ముట్టించిండు.

కోదాడ బస్టాండు కాడ మిర్చి బండాయన్ను అడిగిండు.

"తాగుబోతుల మీటింగా? ఎందుకు లేదండీ! ఆ వైన్స్ పక్కన పర్మిట్ రూములో రోజూ జరుగుద్ది. మీ సీసాలు చూశారంటే మిమ్మల్నే ప్రెసిడెంటుని చేస్తారు."

"తాగేటోళ్లది కాదయ్యా, మానినోళ్లది!"

"మానేసినోళ్లకి మీటింగెందుకండీ? మానేశారుగా!"

గల్లీ గల్లీ తిరిగిండు. ఆఖరికి చర్చి కాడ చీపురు పట్టుకున్నామె చెప్పింది: "ఇక్కడ లేదు బాబూ. ఆదివారం మూడింటికి మిర్యాలగూడలో, మిల్లుల వెనకాల."

ఊరంత బియ్యం మిల్లులే ఉండే మిర్యాలగూడల ఏది మిల్లుల ఎనుక కాదో నువ్వు చెప్పు! ఎండ మాడ్తున్నది, ఊక దుమ్ము కండ్లల్ల పడ్తున్నది. మూడయింది. మూడున్నరయింది. అడిగినోడల్లా ఒక దిక్కు సూపెట్టె. తాగుదామంటే అడుగుకో దుకాణం, మానుదామంటే మూడూర్లల్ల ఒక్క తలుపు దొరకకపాయె. ఎనుక గలగల ఆగదు. "మీరన్న సప్పుడు బంద్ చెయ్యుండ్రి!" అని సీసాల మీద ఒర్రిండు.

నాలుగు కావస్తుంటే పోయి వైన్స్ లైన్ల నిలబడ్డడు. జేబుల చెయ్యి పెట్టిండు. ముందట ఇద్దరే ఉన్నరు. అప్పుడు చెవులల్ల ఏందో ఖాళీ అయినట్టనిపించింది. ఎనుకకు తిరిగిండు.

ఒక్క సీసా లేదు.

"నా సీసాలు సూసిండ్రా?"

"గా సందులకు పోయినయ్ అన్నా," అన్నడు ఎనుకాయన, "పెండ్లికి లేటయినట్టు ఉరుకుతున్నయ్."

తిరుపతికి మస్తు కోపమొచ్చింది. ఇంట్ల పెండ్లాం పోతనంటది, ఇప్పుడు ఇయ్యి గూడ ఇడిసిపెట్టి పోతయా? లైను ఇడిసి ఉరికిండు. మిల్లు గోడ దాటిండు, ఊక కుప్ప దాటిండు. ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందట ఖాళీ జాగల సీసాలే సీసాలు, ఎవలవి వాళ్లయే గుంపులు గుంపులుగ, కిక్కురుమనకుంట నిలబడ్డయ్. తిరుపతియి గూడ జాగ సూసుకొని సర్దుకుంటున్నయ్.

తలుపు తీసి తెల్ల జుట్టు పెద్దమ్మ ఒకామె బయటికొచ్చింది.

"వచ్చినవా బిడ్డా? నీయి ముందుగాలే వచ్చినయ్. గా మూల కల్లు ముంతలు నాయే."

"అమ్మా, నా పేరు..."

"పేరొద్దు. ఎన్నో రోజు?"

"పదకొండు."

"మంచిగున్నది. కూసో."

లోపల పదిమంది దాక ఉన్నరు. ఒకాయన చాయ్ ఇచ్చిండు. సగం గ్లాసే పోసిండు. వణికే చేతులల్ల నిండు గ్లాసు నిలవదని ఆడ అందరికెరుకే. తిరుపతి ఆ సగం గ్లాసు సూసి చిన్న పోరని లెక్క ఏడ్చిండు.

పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు. కళ్యాణి బియ్యంల రాళ్లు ఏరుతున్నది, తలెత్తలే. ఆయన పక్కన కూసున్నంక ఉలిక్కిపడ్డది.

"అయ్యో, నువ్వెప్పుడొచ్చినవ్? సప్పుడే ఇనరాలే!"

రెండేండ్లాయె. సీసాలు ఇంక గాడనే ఉన్నయ్. అబద్ధమంటవా? ఆదివారం మిర్యాలగూడ పో, మిల్లుల ఎనుక ఎతుకు. తిరుపతి సీసాలల్ల ఒక్కదాన్నన్న ఆయన ఎనుక మోతె దాక దొర్లించి సూపెట్టు. గప్పుడు నడిబజార్ల నా మీసం గొరిగించుకుంట. పో మరి, ఇంక కూసున్నవేంది?