అల్లుడుగారి తొమ్మిదిన్నర గంటలు

కోడిపిల్లల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పెట్టెలు కట్టిస్తూ, పనివాళ్లందరిచేతా అక్కా అని పిలిపించుకునే ఆవిడకి, యజమాని అల్లుడంటే మొదటిరోజు నుంచే లెక్కలేదు. పుంజుకీ పెట్టకీ తేడా తెలియని మనిషి, పిల్లనిచ్చిన మామ చలవతో ఎగుమతుల మేనేజరై కూర్చున్నాడు. చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు.

ఆ ఉదయం నాలుగువేల పిల్లలు సముద్రాల అవతలికి బయల్దేరాలి. పొదిగే గదిలోంచి ట్రేలు దిగుతున్నాయి. గదంతా కిచకిచలు.

"పెట్టెకి నూట ఇరవై కుక్కండి," అన్నాడు అల్లుడుగారు.

"ఈ ఎండల్లో వందే ఎక్కువ బాబుగారూ. ఇంతకీ ప్రయాణం ఎంతసేపు?"

"తొమ్మిదిన్నర గంటలు. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి ఏడువేల తొమ్మిదివందల కిలోమీటర్లు." ఫోను తెచ్చి ఆమె మొహం మీద పెట్టాడు. మ్యాపు మీద రెండు చుక్కలు, మధ్యలో వంపు తిరిగిన గీత.

"ఈ గీత మీద ఎగిరే విమానం ఉందా?"

"దూరం ఉన్నాక విమానం ఉండదా?"

అక్కకి ఒళ్లు మండింది. ఇంత తెలివిని కన్నతల్లి ఏం తిని కన్నదో అనుకుంటూ వెళ్లి, కార్గో ఆఫీసుకి తనే ఫోన్ చేసింది. గుమాస్తా చెప్పినదంతా అట్టముక్క మీద రాసుకుంది. సరుకు ఐదు గంటల ముందే అప్పగించాలి. నేరుగా వెళ్లే విమానం లేదు, మధ్యలో దిగి పద్నాలుగు గంటలు పడుండాలి. అవతల పశువుల డాక్టరు తనిఖీ ఇంకో నాలుగు. లారీతో కలిపితే నలభై గంటల పైమాటే. అప్పుడే పుట్టిన పిల్ల పొట్టలో మిగిలిన సొనతో ఆకలికి ఆగుతుంది గాని, ఉక్కకి ఆగదు.

పెట్టెకి ఎనభై చొప్పున సర్దించింది.

"ఎనభై అని ఎవరు చెప్పారు?" అల్లుడుగారు ఎగిరిపడ్డాడు.

"పిల్లలు చెప్పాయి. మీరు ఫోను చూసుకోండి."

మూడోరోజు కబురొచ్చింది. దారిలో పోయినవి పందొమ్మిదే. యజమాని అందరినీ పిలిచి మెచ్చుకుంటుంటే, అల్లుడుగారు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రూటు ప్లానంతా నాదే మామయ్యా."

"అలాగా! విమానం ఎక్కడ మారింది?"

"మారడమేంటి మామయ్యా? డైరెక్టే కదా!"

యజమాని గుమ్మం దగ్గరున్న అక్క వైపు చూశాడు. ఆమె అట్టముక్క తీసి చదివింది. పెద్దాయన చివరిదాకా విని, "ఈసారి సరుకుతో నువ్వూ వెళ్లు అల్లుడూ," అన్నాడు.

వెళ్లక తప్పలేదు. మధ్యలో దిగిన చోటు నుంచి అక్కకి ఫోన్ చేశాడు. గొంతులో నీరసం.

"అక్కా, ఇంకా ఎంతసేపు కూర్చోవాలి?"

ఆయన నోట అక్కా అన్న మాట రావడం అదే మొదలు.

"పిల్లలెలా ఉన్నాయి? వెళ్లి చూశారా?"

"అబ్బే, నాకిక్కడ కుర్చీ దొరికేసరికే తలప్రాణం తోకకొచ్చింది."

అక్క ఫోను కట్ చేసి, ఆ ఊరి కార్గో షెడ్డుకి కలిపింది.