నర్సవ్వ నేర్పిన వరుస

మేడిపల్లిలో పేక పత్తాలాటలో నర్సవ్వను ఓడించిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఈ మాట చెప్పేది నర్సవ్వే. నమ్మకపోతే కూర్చుని ఆడమంటుంది. బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని, కునుకు రాకుండా ఉండాలని మధ్యాహ్నం పూట ఓ గంట మూడు పత్తాల ఆట వేస్తుంది. పందెం చింతగింజలు. కోడలు స్వరూప కాపురానికి వచ్చిన కొత్తలో వంట సరిగా రాకపోతే ఏమీ అనలేదు గానీ, ఆట రాదని తెలిసి నాలుగు రోజులు ముఖం మాడ్చుకుంది. అయిదో రోజు తనే ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“యాది పెట్టుకో పిల్లా. ఐదు, ఆరు, ఏడు, గిట్ల ఒకదాని ఎంబడి ఒకటి అస్తె వరుస. అన్ని ఆఠీన్లో, అన్ని ఇస్పేట్లో పడితె రంగు. వరుస రంగును తొక్కుతది. గెలిచినంక పత్తాలు తిప్పి సూపెట్టాలె, దాసుకుంటె దొంగాట అంటరు. ఇంగ మొకం దాసుడంటవా, అది నీతోని గాదు. మంచియి పడితె నవ్వు. ఎదుటోడే ఆగమైతడు.”

ఈ చదువు సముద్రాలు దాటి పనికొస్తుందని అత్తాకోడళ్లు కలలో కూడా అనుకోలేదు.

స్వరూప భర్త బుచ్చన్న కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. ఓ పొద్దున మోకు జారి కిందపడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము దక్కలేదు. చెట్టు ఎక్కడం అక్కడితో సరి. అప్పటికి బిడ్డ నవనీతకు అయిదేళ్లు. ఆ ఏడే స్వరూప కోరుట్లలో ఒక ఏజెంటును పట్టుకుని సైప్రస్ వెళ్లింది, ఒక ముసలావిడను చూసుకునే పనికి. రెండేళ్లు అనుకున్నది నాలుగేళ్లయింది. మొదట్లో ఫోనులో అమ్మ కనిపిస్తే తెరను ముద్దు పెట్టుకున్న పిల్ల, ఇప్పుడు ‘తిన్నవా? తిన్న’ అనేసి పక్కకు జరిగిపోతోంది. అలా జరిగిన రోజుల్లో స్వరూప కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది.

ముసలావిడ పేరు ఎలేని. ఎనభై రెండేళ్లు, నోరు మాత్రం ఇరవై ఏళ్లది. కొడుకు ఆండ్రియాస్ చెడ్డవాడేమీ కాదు. జీతం ఒక్కరోజు కూడా ఆపలేదు. కాకపోతే సెలవు అడిగితే చాలు, “నువ్వు వెళితే అమ్మను ఎవరు చూస్తారు? వచ్చే ఏడు చూద్దాం” అనేవాడు. అలా మూడు ‘వచ్చే ఏళ్లు’ గడిచాయి. తల్లికి సూప్ తాగించమంటే గజగజ వణికే మగాడు మరి.

ఎలేనికి పోకర్ పిచ్చి. సముద్రం ఒడ్డున హోటల్లో ఏటా జరిగే టోర్నమెంటుకు ఇరవై ఏళ్లుగా వెళుతోంది. ఈసారి చేతులు వణికి ముక్కలు పట్టుకోలేకపోయింది. అందుకని స్వరూపను కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టింది. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. ఆ ఏడింటిలోంచి మంచివి అయిదు ఏరుకోవాలి. ఏది దేనికంటే పెద్దదో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. స్వరూప దాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. నర్సవ్వ కోడలికి ఒకరు రాసివ్వాలా? మూడు వారాలు ఆడినా ఒక్కసారి కూడా వరుసా రంగూ ఎదురుపడలేదు. పోకర్లో రంగే వరుసను తొక్కుతుందన్న సంగతి ఆమెకు తెలిసే దారే లేకపోయింది.

టోర్నమెంటు ముందురోజు భోజనాల దగ్గర ఎలేని కొడుకుతో అంది. “రేపు నా బదులు స్వరూప ఆడుతుంది. నువ్వూ ఆడుతున్నావుగా. ఆమెకంటే ముందు నువ్వు ఓడిపోయి లేస్తే, రెండు నెలలు నన్ను నువ్వే చూసుకోవాలి. ఆమె ఇంటికి వెళ్లి వస్తుంది.”

ఆండ్రియాస్ పొలమారేంతగా నవ్వాడు. “ఆమె ముందు లేస్తే?”

“ఇంకో రెండేళ్లు సెలవు మాట ఎత్తదు.”

స్వరూప చేతిలో గరిట ఆగిపోయింది. ఇంకో రెండేళ్లంటే నవనీతకు పదకొండు. కానీ ఆడకపోతే మాత్రం ఏమొస్తుంది, మళ్లీ ‘వచ్చే ఏడే’ కదా. సరేనని తలూపింది.

హోటల్ హాల్లో పన్నెండు బల్లలు, నూరు మంది. ఎండ పొడ లేని చోట కూడా నల్ల కళ్లద్దాలు, టోపీలు. ముఖంలో ఏం కనిపించినా కొంపలు మునుగుతాయట. వాళ్ల మధ్య ఆకుపచ్చ చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని స్వరూప. వెనక, జనానికి అడ్డుగా కట్టిన తాడు అవతల, చక్రాల కుర్చీలో ఎలేని. ముక్కలు బాగాలేకపోతే స్వరూప పడేసింది. బాగుంటే నవ్వింది. ఆమె నవ్వితే నిజంగానే పెద్ద ముక్కలుంటున్నాయని రెండు గంటల్లో బల్లంతా కనిపెట్టింది. నవ్వగానే అందరూ పడేసేవారు. పెద్దగా గెలవలేదు గానీ మునగనూ లేదు.

నాలుగో గంటకు జనం తగ్గి బల్లలు కలిపేశారు. ఆండ్రియాస్ వచ్చి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. అతని ముందున్న పందెం బిళ్లలు స్వరూప బిళ్లలకంటే కాస్త ఎక్కువ.

అప్పుడు పడింది ఆ ఆట. బల్ల మీద ఆఠీన్ ఏడు, ఇస్పేట్ ఎనిమిది, ఆఠీన్ జాకీ, ఆఠీన్ రెండు, కళావర్ నాలుగు. స్వరూప చేతిలో తొమ్మిది, పది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ! గీత గీసినట్టు వరుస. బల్ల మీద మూడు ఆఠీన్లున్నాయి, ఎవరి చేతిలోనైనా ఇంకో రెండుంటే రంగు అవుతుందని ఆమెకూ తెలుసు. అయితే ఏంటట, వరుస రంగును తొక్కుతుంది కదా. మనసులో నర్సవ్వకు దండం పెట్టుకుని బిళ్లలన్నీ ముందుకు తోసి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

తాడు అవతల ఎలేని కూడా నవ్వింది, ఈమె దగ్గర పెద్ద రంగు ఉందనుకుని.

ఆండ్రియాస్ చేతిలో ఆఠీన్ రాణి, ఆఠీన్ అయిదు. రంగు అతని దగ్గరే ఉంది. ముక్కలు చూసుకున్నాడు, ఆమె ముఖం చూశాడు. నాలుగేళ్లుగా ఇంట్లో చూస్తున్న ముఖం. పింగాణీ పళ్లెం పగిలితే తను అడగకముందే వచ్చి చెప్పిన మనిషి. అబద్ధమాడడం చేతకాదు. ఇంత నిబ్బరంగా నవ్వుతోందంటే తనకంటే పెద్ద రంగు ఉండి తీరాలి. ఎంతోసేపు నుదురు రుద్దుకుని ముక్కలు పడేశాడు. అప్పటికే అతని బిళ్లల్లో ముప్పావు వంతు బల్ల మధ్యలో ఉన్నాయి. అవన్నీ స్వరూపవే అయ్యాయి.

గెలిచినంక పత్తాలు సూపెట్టాలె కదా. స్వరూప గర్వంగా తిప్పి పెట్టింది.

బల్ల చుట్టూ ఒక్కసారిగా గోల. ఆండ్రియాస్ గుడ్లు తేలేసి, పడేసిన తన ముక్కలు తిప్పి చూపించాడు. అటుపక్క ఒకాయన ఏకంగా టోపీ తీసి నేలకు కొట్టాడు. వీళ్లెందుకు అరుస్తున్నారో స్వరూపకు అర్థం కాలేదు. పాపం ఓడినందుకు బాధపడుతున్నాడనుకుని తెలుగులోనే ఓదార్చింది. “రంది పడకు సారూ. రంగు గూడ మంచిదే. గాని వరుస ముంగట ఎట్ల నిలుస్తది?”

మతిపోయిన ఆండ్రియాస్ ఆ తర్వాత మూడో ఆటలోనే మిగిలినవన్నీ తోసేసి, పోగొట్టుకుని లేచాడు. తర్వాత అరగంటకు స్వరూపా లేచింది. బహుమతి ఏమీ రాలేదు. వెనక్కి తిరిగేసరికి ఎలేని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటోంది. పోకర్లో రంగే పెద్దదని ఆవిడ చెప్పాక, స్వరూప అక్కడే నేల మీద కూలబడింది. తర్వాత ఆమెకూ నవ్వాగలేదు. ఆండ్రియాస్ దగ్గరికి వచ్చి నసుగుతూ అడిగాడు. “అమ్మకు సూప్ ఎంత వేడిగా ఇవ్వాలి?”

ఆ సాయంత్రమే ఫోన్ చేసి సంగతంతా చెబితే నర్సవ్వ సుతరామూ ఒప్పుకోలేదు. “రంగు పెద్దదా? గాళ్లకు ఆట రాదే. నువ్వు అచ్చెయ్, మల్ల నేర్పుదాం.”

పదిహేను రోజులకు స్వరూప మేడిపల్లిలో దిగింది. బుచ్చన్న కర్ర ఊతతో బస్టాండుదాకా వచ్చాడు. నవనీత మాత్రం నాయనమ్మ వెనక నక్కి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చాక్లెట్లు తీసుకుంది, దగ్గరికి రాలేదు. స్వరూప బలవంతం చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద చాట పక్కన పెట్టి నర్సవ్వ పత్తాలు తీసింది. నవనీత పంచుతోంది. మూడు తనకు, మూడు నాయనమ్మకు. ఆగి, గడప మీద కూర్చున్న తల్లికేసి చూసింది.

“అమ్మా, నీకు గూడ ఎయ్యాల్నా?”

“ఎయ్యి బిడ్డా.”

స్వరూప ముక్కలు విప్పింది. ఆరు, ఏడు, ఎనిమిది. నర్సవ్వ ఓ చూపు చూసుకుని పడేసింది. నవనీత పెదాలు బిగబట్టింది గానీ నవ్వు చెంపల్లోంచి పొంగుకొస్తోంది. తల్లి పోలికే, ముఖం దాచడం రాదు. పిల్ల ఒరగబెట్టి పట్టుకున్న ముక్కలన్నీ ఆఠీన్లే, రంగు పడింది. ఈ అరుగు మీద వరుసే పెద్దదని స్వరూపకు ఖాయంగా తెలుసు. అయినా ముక్కలు బోర్లా పెట్టేసింది.

“నాతోని గాదు బిడ్డా. నువ్వే గెలిచినవ్.”

నర్సవ్వ ఆ ముక్కలు తిప్పి చూసి, “గిదేంది పిల్లా, నాలుగేండ్లల్ల ఆట మొత్తం మర్సినవా!” అని తిట్ల దండకం అందుకుంది. నవనీత అవేం వినలేదు. చింతగింజలన్నీ రెండు చేతులా దోసిలి పట్టి తెచ్చి, పోయడానికి చోటు కావాలన్నట్టు తల్లి ఒళ్లో పోసింది. పోసి, వాటితోపాటు తనూ అక్కడే కూర్చుంది.