గెంతే రేటు

మాది నందివాడ, చేపల చెరువులు. ఇవాళ గుడివాడలో షేర్ల ఆఫీసుకెళ్లి, అక్కడ పనిచేసే ఫిజా మీద విరుచుకుపడ్డాను. నిన్నటిదాకా పావు వంతు డబ్బుతో పొద్దున కొని సాయంత్రం అమ్ముకున్న ఇంటర్నెట్ కంపెనీ షేరుకి, ఇవాళ మొత్తం కట్టమంటోంది యాప్!

"రేటు మరీ పైకీ కిందకీ గెంతుతోందని ఎక్స్ఛేంజి వాళ్లు ఆంక్షలు పెట్టారు బాబాయ్ గారూ. మొత్తం కట్టాలి. షేరు మీ ఖాతాలోకి వచ్చాకే అమ్మాలి."

"మా చేపలు అడ్వాన్సు మీదే కొంటారు కదమ్మా! మిగతాది సరుకు అమ్ముడయ్యాకే ఇస్తారు."

"ఈలోగా రేటు పడిపోతే మిగతాది ఎవరు కడతారండీ?"

నాకేం బోధపడలేదు. ఒళ్లు మండింది. అంతలో చెరువు దగ్గర్నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. ఎవరో కొత్త వ్యాపారి గంటగంటకీ రేటు పెంచుతున్నాడట. అడ్వాన్సు ఇచ్చి చేపలు పట్టుకుపోతానంటున్నాడట.

"గంటకో రేటు చెప్పేవాణ్ణి ఎలా నమ్ముతాంరా? మొత్తం డబ్బు పడితే గానీ చెరువులో వల దించొద్దు!" అని కేకలేసి ఫోన్ పెట్టేశాను.

ఫిజా నాకేసి అదోలా చూస్తోంది.

"ఆ చూపేంటమ్మా? ఇంతకీ నేను మొత్తం ఎందుకు కట్టాలో చెప్పనేలేదు," అన్నాను.