కుంటిదాని కొమ్మకు ఎర్ర రిబ్బను

ఇంటికి చుట్టం వస్తున్నాడంటే అమ్మ ముందు చీపురు పట్టుకుంటుంది, తర్వాత నన్ను పట్టుకుంటుంది. ఆ ఆగస్టులో వచ్చేది మామూలు చుట్టం కాదు. జిమ్మా పట్నం నుంచి కాఫీ ఆఫీసరు గెటాహున్. అందుకని ఇల్లు చాల్లేదు, అమ్మ చెట్లను కూడా శుభ్రం చేసింది.

ఆ వానల్లో ఊరంతా కాఫీకాయలకు నల్లతెగులు. పచ్చికాయ మీద చిన్న మచ్చ పడుతుంది, కొద్దిరోజుల్లో కాయంతా బొగ్గవుతుంది. తెగులుకు లొంగని చెట్టు ఎవరి పెరట్లో కనబడినా ఆఫీసరు రిబ్బను కట్టి వెళ్తాడు. కాయలు పండాక వచ్చి విత్తనాలు తీసుకుంటాడు. పరీక్షలో నెగ్గితే ఆ నారే ఊళ్ళన్నిటికీ పంచుతారు.

మా గుమ్మం పక్క చెట్టుకు అవ్వ పెట్టిన పేరు పెళ్ళికూతురు. దాని కాయల్లో సగానికి మచ్చలే. ఆఫీసరు కంట పడితే పరువేం కావాలని, అమ్మ పొద్దున్నే మచ్చ ఉన్న ప్రతి కాయనూ కోసి పొయ్యిలో పోసింది. బుట్ట పట్టుకున్నది నేనే.

గెటాహున్ మా పెరడు చూసి పాపం చాలా బాధపడ్డాడు. అవ్వ అడవిలో నచ్చిన మొక్కనల్లా తెచ్చి నాటింది. ఒకదాని చిగురు రాగిరంగు, ఒకదాని ఆకు సన్నం, ఒకటి అన్నిటికంటే ముందు పండుతుంది, ఇంకొకటి దానికి బుద్ధి పుట్టినప్పుడు. తోటంటే అంతా ఒకే రకం, బడిపిల్లల వరసలా ఉండాలని ఆయన వివరించాడు. అలా ఉంటే తెగులుకు దారి అడిగే శ్రమ కూడా తప్పుతుంది. అది మాత్రం వివరించలేదు.

పెళ్ళికూతుర్ని చూడగానే ఆయన ముఖం వికసించింది.

"ఇంత తెగులులో ఒక్క మచ్చ లేదు చూశారా. చూపుండాలమ్మా, చూపు," అంటూ ఎర్ర రిబ్బను కట్టాడు. అమ్మ తల వంచుకుంది. ఆయన దాన్ని వినయమనుకున్నాడు.

దాని వెనకే మేం కుంటిది అని పిలిచే చెట్టుంది. నేల మీదికి వాలి, మోచేతి మీద లేచినట్టుంటుంది. మూడు వానాకాలాలుగా నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను, దానికి ఒక్క మచ్చ పడలేదు. దాన్నెవరూ శుభ్రం చెయ్యలేదు కూడా. ఆఫీసరు దాన్ని నరికేసి ఆ చోట తను తెచ్చిన నారు నాటమన్నాడు. రేపే నరుకుతానని నాన్న మాటిచ్చాడు.

మా వైపు కాఫీ మూడు దఫాలు తాగందే చుట్టం లేవకూడదు గనక నాకు మూడు అవకాశాలు. చెబితే అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే కుంటిది పోతుంది. మొదటి కప్పుకి గొంతు సవరించుకున్నాను. రెండో కప్పుకి ఆయన ఏ క్లాసని అడిగితే అదీ సరిగా చెప్పలేకపోయాను. మూడో కప్పు తాగి, మా ఇంటిని దీవించి ఆయన వెళ్ళిపోయాడు.

కప్పులు కడుగుతుంటే అవ్వ పక్కన కూర్చుంది.

"ఏమే, కాఫీతో పాటు మాటలు కూడా మింగేశావా?"

"చెబితే అమ్మ సంగతి బయటపడుతుంది అవ్వా."

"నిన్ను చెప్పమన్నదెవరు? రిబ్బనుకి కాళ్ళు లేవు. నీకున్నాయిగా."

మర్నాడు నాన్న గొడ్డలి తీసుకుని వెళ్ళేసరికి రిబ్బను కుంటిదాని కొమ్మకుంది. నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు.

"నిన్న ఇది పెళ్ళికూతురికి కదూ కట్టాడు?"

అమ్మ నా వైపు చూసింది. చాలాసేపే చూసింది.

"అంత పెద్దాఫీసరు కట్టిన చోటుకి వంకలు పెడతావా?" అంది.

నాన్న గొడ్డలి దించేశాడు. దేవుడు పుట్టించిన చెట్టునైతే నరకొచ్చు గానీ ఆఫీసు రిబ్బను కట్టిన చెట్టును ముట్టుకునే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు.

రెండు వారాలకే పెళ్ళికూతురి ముఖాన మళ్ళీ మచ్చలు.

నవంబరులో పండ్ల కోసం గెటాహున్ వచ్చాడు. సూటిగా రిబ్బను దగ్గరికే నడిచి, ఎర్రగా నిగనిగలాడే పండ్లను చూసి కుంటిదాని భుజం తట్టాడు.

"మొదటిరోజే కనిపెట్టాను. చూపుండాలని చెప్పానా?"

సంచి నిండా పండ్లు కోసుకుని కాఫీకి కూర్చున్నాక అవ్వ చాలా వినయంగా, అప్పుడు నరకమన్న చెట్టేదో మరిచిపోయామని అడిగింది. ఆయన కాసేపు వెతికి పెళ్ళికూతుర్ని చూపించాడు. నాన్న గొడ్డలి కోసం లేవబోయాడు.

"కూర్చోరా," అంది అవ్వ. "మీరిద్దరూ తాగుతున్నది దాని కాఫీయే."

ఆఫీసరు కప్పులోకి ఒకసారి చూసి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.