తొమ్మిదో పేరా

కోర్టు పక్క సందులో నాలుగో షట్టరు ఆమెది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కాలు ఊగే స్టూలు. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ విడాకుల పిటిషన్లు టైపు చేసీ చేసీ, ఎవరి కాపురం ఎక్కడ బెడిసిందో రెండో పేజీకల్లా పసిగట్టేస్తుంది. తన కాపురం దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏ మూలకూ చాలలేదు.

మొగుడు కార్ల షోరూములో సేల్స్ మేనేజరు. ఎక్కని బండిని కూడా ఏడాది నడిపినట్టు పొగడగల మహానుభావుడు. ఇల్లు వదిలి పద్నాలుగు నెలలైంది. పోయినవాడు పోయినట్టుండొచ్చుగా? ఏడేళ్ళ పాపను తనకే అప్పగించమని కోర్టుకెక్కాడు. ప్రేమ పొంగిపోయి ఎక్కాడనుకునేరు, అసలు సంగతి ఫోన్లో వాడే చెప్పాడు.

"పాప నా దగ్గరుంటే నువ్వే కాళ్ళబేరానికొస్తావు. టకటకా మీటలు నొక్కుకునేదానివి, కోర్టు సంగతులు నీకేం తెలుసు?"

ఆ రోజునుంచీ ఆమెకు ఒళ్ళంతా మంటే. వాడు ఓడిపోతే చాలదు. పదిమందిలో నోట మాట రాక నిలబడాలి, అది తను కళ్ళారా చూడాలి. అలా అనుకుంటూ వాడి పిటిషనుకి జవాబుగా పద్దెనిమిది పేజీలు టైపు చేసి, తను ఎన్నో ఏళ్ళుగా పనిచేసిపెడుతున్న తెల్లజుట్టు లాయరమ్మ బల్లమీద పెట్టింది.

లాయరమ్మ కాగితాలు తిరగేసి, "ఇందులో తిట్లెన్ని, తారీఖులెన్ని?" అంది.

"తారీఖులు మూడున్నాయి మేడమ్."

"అయితే మూడు లైన్లే పనికొస్తాయి. మిగతాది నీ కడుపుమంట. ఒక నోటుపుస్తకం కొనుక్కో అమ్మాయ్. పాపని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు, బడిలో మీటింగుకి ఎవరెళ్ళారు, ఏ రోజుది ఆ రోజే రాయి. మందుల చీటీలు దాచు. ఫోన్లో ఒక్క మెసేజీ కూడా చెరపకు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టకు."

"ఆదివారాలు పాపని చూడ్డానికి వాడికి కోర్టు వీలిచ్చింది కదా, వస్తే గుమ్మం తొక్కనివ్వను."

"తొక్కనివ్వాలి. నువ్వు తలుపేస్తే తప్పు నీ మీదకొస్తుంది. తలుపు తీసిపెట్టు, రాకపోతే రాసుకో. పాప ముందు వాళ్ళ నాన్నని ఒక్క మాట అన్నావంటే మాత్రం, నీ కేసు నేను చూడను."

పళ్ళు నూరుకుంటూనే అన్నీ చేసింది. ముప్ఫై ఎనిమిది ఆదివారాలు పాప తల దువ్వించుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ముప్ఫై ఎనిమిదిసార్లు తల్లి నోటుపుస్తకంలో "రాలేదు" అని రాసింది. ఒక్కోసారి కలం కాగితంలోకి దిగిపోయేది.

ఆ తర్వాత మొగుడి అఫిడవిట్ కాపీ చేతికొచ్చింది. తొమ్మిదో పేరా దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. పాపకు వేరుశనగ పడదట. ఎడమ చెవిలో చుక్కలమందు తండ్రే వేస్తాడట. గదిలో దీపం ఆర్పితే ఏడుస్తుందట. ఆ పాప వేరుశనగలు గుప్పెళ్ళకొద్దీ మేస్తుంది. పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే వినేస్తుంది. చీకటి లేనిదే దానికి నిద్ర రాదు.

ఆ మాటలు ఎక్కడివో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఒక బేకరీ ఆయన కళ్ళు తుడుచుకుంటూ తన కొడుకు గురించి చెబితే, ఆమే టైపు చేసింది. పేర్లు తీసేసి నమూనాగా దాచుకుంది. మొగుడి లాయరు దగ్గరున్న గుమాస్తా "చెల్లెమ్మా, ఒక కాపీ ఇయ్యవూ" అంటే ఇచ్చింది. ఆ పుణ్యాత్ముడు కొడుకుని కూతురిగా మార్చి, మిగతాది అలాగే వదిలేశాడు.

ఆమె ఒక్క పరుగున లాయరమ్మ దగ్గరికెళ్ళింది. "అంతా అబద్ధమని ఇవాళే జవాబేద్దాం మేడమ్."

"ఇవాళ చెబితే, గుమాస్తా పొరపాటని దిద్దుకుంటారు. బోనెక్కాక అడుగుదాం. అప్పటిదాకా నోరు కుట్టేసుకో."

మూడు వారాలు కుట్టేసుకుంది. రోజూ ఎదురుగా టీ తాగే గుమాస్తాను చూస్తూ నవ్వు బిగబట్టుకోవడం మామూలు కష్టం కాదు.

విచారణ రోజున మొగుడు ఇస్త్రీ చొక్కాలో బోనెక్కాడు.

"ఇది చదివే సంతకం పెట్టారా?" అని లాయరమ్మ అడిగింది.

"ప్రతి అక్షరం చదివానండీ."

"పాపకి వేరుశనగ తింటే ఏమవుతుంది?"

"ఒళ్ళంతా దద్దుర్లు. ఒకసారి చేతులమీద ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను."

"చెవి మందో?"

"ఎడమ చెవండీ. పుట్టినప్పటినుంచీ ఉంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనే వేశాను."

బండి అమ్మినట్టే అమ్ముతున్నాడు. వెనక బెంచీలో గుమాస్తా ముఖం పాలిపోయింది. ఆమె అరచేతుల్లో గోళ్ళు గుచ్చుకుని కూర్చుంది.

లాయరమ్మ పాప ఆసుపత్రి ఫైలు, నోటుపుస్తకం పైకి అందించింది. జడ్జిగారు నిదానంగా తిరగేసి, తలెత్తి తనే అడిగారు.

"పాప కళ్ళకేమైనా ఇబ్బందుందా?"

వాడు చొక్కా కాలరు సర్దుకున్నాడు. "లేదండీ. కళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి."

జడ్జిగారు ఫైల్లోంచి ఒక ఫోటో తీసి వాడివైపు తిప్పారు. లావుపాటి కళ్ళజోడు పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు ఒక అద్దానికి గుడ్డముక్క అంటించుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న పాప.

"ఎనిమిది నెలలుగా పెట్టుకుంటోంది. మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

వాడు నీళ్ళు నమిలాడు. తన లాయరు వైపు చూశాడు, లాయరు గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా నేల చూశాడు. ఎన్ని నెలలనుంచో ఆమె ఎదురుచూసిన ముఖం అదే. తృప్తిగా, తీరిగ్గా, కడుపునిండా చూసింది.

పాప తల్లి దగ్గరే ఉండాలని తీర్పొచ్చిన రోజున, మెట్లమీద వాడు అడ్డమొచ్చాడు. "నా తప్పేం లేదు. టైపు చేసినవాడి తప్పు."

"అది టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు లేదు. అది రాయించిన నాన్నకి తన పిల్లాడి సంగతి తెలుసు, అంతే."

ఆమె నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

"ఆదివారం పదింటికి తలుపు తీసే ఉంటుంది" అంది వెనక్కి తిరక్కుండానే. "రాకపోతే రాసుకుంటాను."