బాట దావత్

ఏడుపాయలకు పోయే డీసీఎం బండిలో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. అయినా నడుమ ముగ్గు గీత గీసినట్టు జనం రెండుగా చీలిపోయారు. ఆ పక్క మొగులయ్య ఇంటివాళ్ళు, ఈ పక్క పెంటయ్య ఇంటివాళ్ళు, మధ్యలో మేకపోతు. అది ఇంకా ఏ పక్షమో తేల్చుకోలేదు కాబట్టి ఇద్దరు తోడికోడళ్ళ కొంగులూ పక్షపాతం లేకుండా నములుతూ వచ్చింది.

దేవమ్మ పెద్ద కోడలు, పెంటయ్య భార్య. సొంతూరు ఇంద్రేశంలో అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు రోడ్డు పక్క ముక్క చిన్నవాడు మొగులయ్యకు పోయింది, బోరు ఉన్న లోపలి ముక్క పెంటయ్యకు వచ్చింది. లోపలికి పోయే బండిబాట మొగులయ్య ముక్క మీదుగానే ఉంది. తాతల నాటి బాట కనుక దాన్ని కాగితంలో రాయించుకోవాలని ఎవరికీ తోచలేదు. ఈ ఎండాకాలం మొగులయ్య తన ముక్కను ప్లాట్లు చేయడానికి త్రినాథరావు అనే ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తెల్ల సున్నం పూసిన రాతి కడీలు తెప్పించి చుట్టూ పాతించాడు. బాటకు అడ్డంగా కూడా పాతించాడు. వానలు పడ్డాయి, నారు ఏపుగా ఎదిగింది, దున్నడానికి ట్రాక్టర్ లోపలికి పోయే దారి లేదు. నాట్లు పడని పొలాన్ని ఎన్నాళ్ళని చూస్తూ కూర్చుంటారు, అదీ తెచ్చి తన చేతిలోనే పెడతారన్నది త్రినాథరావు ఆలోచన. ఈ మాట పైకి ఎవరూ అనలేదు. దేవమ్మకు అర్థం కావడానికి ఎవరూ అనవలసిన అవసరం కూడా లేదు.

పెంటయ్యతో చెప్పుకుంటే ప్రయోజనం లేదు. పటాన్‌చెరులో పైపుల కంపెనీలో పనిచేసే ఆ మనిషి తమ్ముడి ముందు గొంతు లేపవలసి వచ్చినప్పుడల్లా రేపు ఫస్టు షిఫ్టు అని దుప్పటి కప్పుకునేవాడు.

అయినా ఈ రెండు ఇళ్ళూ ఒకే బండిలో పోవడానికి కారణం అత్త ముత్యమ్మ. పోయిన ఏడు జ్వరంతో మంచం పట్టినప్పుడు, లేచి నడిస్తే రెండిళ్ళూ కలిసి యాటపోతును కోసి, ఒక్క పొయ్యి మీద వండుకొని తింటామని ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంది. లేచి నడిచింది. అప్పట్లో రెండిళ్ళ మధ్య మాటలుండేవి. ఇప్పుడు లేవు. మొక్కుకు ఆ సంగతి తెలియదు కదా.

ఆదివారం కావడంతో మంజీర పాయల ఒడ్డున బండరాళ్ళన్నీ వంటిళ్ళయి ఉన్నాయి. సంగారెడ్డి నుంచి, జోగిపేట నుంచి వచ్చిన జనం ఎక్కడ జానెడు నీడ దొరికితే అక్కడ మూడు రాళ్ళు పెట్టి పొగ లేపుతున్నారు. పిల్లలు నీళ్ళలో, మగవాళ్ళు పేకాటలో, ఆడవాళ్ళు ఉల్లిగడ్డల్లో మునిగి ఉన్నారు. విహారానికి వచ్చిన ఆడవాళ్ళకు మారేది ఒక్క పొయ్యే. ఇంట్లో గ్యాసు, ఇక్కడ కట్టెలు.

పొయ్యి ఒక్కటే. దానికి అటు మొగులయ్య భార్య సంగమ్మ, ఇటు దేవమ్మ.

"అత్తా, ఉప్పు నేనే ఏస్తనని చెప్పు. కొందరి చేతికి అంతూ పొంతూ ఉండది" అంది సంగమ్మ, ముత్యమ్మ వైపు చూస్తూ.

"ఆమెనే ఎయ్యమను అత్తా. బాటకు అడ్డం రాళ్ళేసిన చేతికి కూరల ఉప్పెయ్యడం ఒక లెక్కనా" అంది దేవమ్మ, తానూ ముత్యమ్మ వైపే చూస్తూ.

"నేను మీ ఇద్దరి నడుమ టెలిఫోన్ తీగనా ఏంది? మొఖాలు సూసుకొని మాట్లాడుకోండ్రి" అంది ముత్యమ్మ.

ఇద్దరూ తలలు తిప్పి ఉల్లిగడ్డల మొఖాలు చూశారు.

అంతలో తెల్ల క్వాలిస్ కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి త్రినాథరావు దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. తాను పాతించిన కడీల రంగే. మొగులయ్య ఉరికిపోయి ఆయన కోసం మడత కుర్చీ విప్పి నీడలో వేశాడు. ఇంటివాళ్ళ మొక్కుకు ఈయన ఎందుకని ముత్యమ్మ అడిగితే, "సారు మనోడే అమ్మా" అన్నాడు.

"ఎప్పటి సంది?" అంది ముత్యమ్మ.

మేకపోతుకు స్నానం చేయించారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడలో వేపమండల దండ వేశారు. ఇక మిగిలింది ఒక్కటే. పైన నీళ్ళు చల్లితే అది ఒళ్ళు దులుపుకోవాలి. దులుపుకుంటే తల్లి ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతే కత్తి లేవదు.

మొగులయ్య చెంబెడు పసుపు నీళ్ళు వీపు మీద పోశాడు. మేక నిలబడింది. ఇంకో చెంబు పోశాడు. మేక మెడ వంచి తన దండలోని వేపాకు తినసాగింది. డ్రైవర్ యాదన్న ఈల వేశాడు, చప్పట్లు కొట్టాడు, చెవిలో ఊదాడు. మేక అతని మొఖంలోకి చూసి మళ్ళీ వేపాకు అందుకుంది.

పక్క బండ మీద గుమ్మడిదల నుంచి వచ్చిన బక్కమ్మ అనే ముసలామె అప్పటికే తమ యాటను కోయించి, కూర దించి, కాలు మీద కాలేసుకొని కూర్చుంది. చేయడానికి పనేమీ మిగలలేదు గనుక ఇటు చూసింది.

"మీ ఇంట్ల ఏదో ఉన్నది బిడ్డా. మాది నీళ్ళు సూపిస్తనే దులిపింది" అంది.

ముత్యమ్మ మొహం మాడిపోయింది. చేతులు జోడించి, "తల్లీ, ఏం తప్పు జేసినమో" అని ఏడ్చి, కొడుకుల వైపూ కోడళ్ళ వైపూ తిరిగింది. "ఎవల కడుపుల ఏమున్నదో కక్కుండ్రి. తల్లి ముందట దాచవెట్టకుండ్రి."

పెంటయ్య ముందుకొచ్చాడు. "కంపెనీ క్యాంటీన్ల నుంచి రెండు స్టీలు గ్లాసులు తెచ్చుకున్న తల్లీ. రేపు ఫస్టు షిఫ్టుల పెట్టేస్త." మొగులయ్య, పోయిన ఎలక్షన్లలో రెండు పార్టీలకూ మాటిచ్చి రెండు చోట్లా బిర్యానీ తిన్నానన్నాడు. సంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "బతుకమ్మకు అక్క కట్టుకున్న చీర మంచిగున్నదని అబద్ధం చెప్పిన" అంది. దేవమ్మకు ఎంత గుర్తు చేసుకున్నా ఆమె అలా అన్నట్టు గుర్తు రాలేదు.

మేక కదల్లేదు. ఈ తప్పులు దాని స్థాయికి తగినవి కాలేదు.

"పెద్ద కోడలా, నువ్వు కక్కలే. నీ మనసుల కుళ్ళుకే ఇది ఆగింది" అంది ముత్యమ్మ.

"నా మనసుల ఏమున్నదత్తా. ఉన్నదంతా బాటల పాతిండ్రు గద" అంది దేవమ్మ.

మొగులయ్య చేతిలోని ఖాళీ చెంబులోకి చూసుకున్నాడు. సంగమ్మ కట్టెను పొయ్యిలోకి కసిగా తోసింది. దేవమ్మ బియ్యం గంజు ఎత్తుకొని కడగడానికి బండ వెనక పాయ దగ్గరికి దిగింది.

అక్కడ ఉండగానే పైనుంచి త్రినాథరావు గొంతు వినబడింది. మొగులయ్యను పక్కకు తీసుకొచ్చాడు.

"ఏంటండీ మొగులయ్యగారూ, ఇంకా ఎంతసేపండీ? నాకు షుగరుంది, టైముకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆ బాటేదో ఇచ్చేస్తానని అమ్మవారితో అనేయండి, సరిపోతుంది."

"గట్లెట్ల అంట సారూ. అంటే ఇయ్యాలె గద."

"భలేవారే. దేవత దగ్గర అన్నమాటకి రిజిస్ట్రేషన్ ఉంటుందా ఏంటి? మీ వదినగారి దగ్గర కాగితముందా? రేపు పొద్దున్నే మర్చిపోండి. ముందు భోజనాలు కానివ్వండి."

దేవమ్మ కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగింది. ఆ నీళ్ళు వంచి ఇంకోసారి కడిగింది. వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యాక లేచి, ఏమీ విననిదానిలా పైకొచ్చింది.

మొగులయ్య మేక ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. గొంతు బాగా పెంచాడు. "తల్లీ, అన్నకు బాట ఇడుస్తున్న. ట్రాక్టర్ పోయేటంత ఇడుస్తున్న. నీ మీద ఆన."

సరిగ్గా అప్పుడే యాదన్న చెంబు వంపాడు. నీళ్ళు మేక చెవిలోకి పోయాయో, మాట అమ్మవారి చెవిలోకి పోయిందో ఇప్పటికీ ఇంద్రేశంలో రెండు అభిప్రాయాలున్నాయి. మేక మాత్రం కొమ్ముల నుంచి తోక దాకా భూకంపం వచ్చినట్టు దులిపింది. పసుపు నీళ్ళన్నీ పోయి త్రినాథరావు తెల్ల చొక్కా మీద పడ్డాయి. డప్పు మోగింది.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. కోయడం, కాల్చడం, ముక్కలు కొట్టడం మగవాళ్ళు చూసుకున్నారు. కూర సంగమ్మ వండింది, బగార అన్నం దేవమ్మ వండింది. వండుతూ ఆమె ఆలోచించింది. బాట కాగితంలో లేదు. కానీ ఇంద్రేశంలో స్టాంపు కాగితాలు వచ్చింది నిన్నగాక మొన్న. అంతకుముందు గట్టు తగాదా తెగినా, పిల్ల ఖాయమైనా, ఎడ్లు చేతులు మారినా, చివర ఒక యాట తెగేది, ఊరంతా కూర్చొని తినేది. రేపు ఎవడైనా మాట మారిస్తే, "ఆనాడు తిన్నవు గద" అనేవాళ్ళు. అంతటితో వాడి నోరు పడిపోయేది.

"అత్తా, వడ్డన నేను చేస్త" అంది.

సంగమ్మ అడ్డు చెప్పలేదు. పొగకు కళ్ళు మండిపోయి, ఎప్పుడు కూర్చుందామా అని ఉందామెకు.

దేవమ్మ గంటె పట్టుకొని ఇంటివాళ్ళ దగ్గరికి కాక, ముందు పక్క బండల మీదికి పోయింది. మొక్కు కూర నలుగురికీ పెట్టడం ఆనవాయితీయే కనుక ఎవరూ వింతగా చూడలేదు.

"బాట దావత్ అవ్వా. మా మరిది బాట ఇచ్చిండు, ట్రాక్టర్ పోయేటంత" అని బక్కమ్మ విస్తరిలో రెండు ముక్కలు వేసింది.

"సల్లగుండుండ్రి బిడ్డా. అందుకేనా యాట మొండికేసింది" అంది బక్కమ్మ.

అవతల చెట్టు కింద ఇంద్రేశం వార్డు మెంబరు మల్లన్న బంధుబలగంతో దిగి ఉన్నాడు. అక్కడ దేవమ్మ చేయి ఇంకొంచెం ధారాళమైంది. "బాట దావత్ మల్లన్నా. కార్జం ముక్క ఏస్తున్న, తిను."

"మొగులయ్య ఇచ్చిండా? నిజమేనా?" అని అడిగాడు మల్లన్న, నోటి నిండా పెట్టుకొని.

"తల్లి ముందట ఆన పెట్టిండు. డప్పు ఇనలేదా?"

ఇటు వచ్చి త్రినాథరావు ముందు నిలబడింది. ఆయన అప్పటికే అన్నం కలిపి ఉన్నాడు. "బాట దావత్ సారూ. మూలుగ బొక్క ఎయ్యాల్నా?"

ఆయన చేయి నోటి దగ్గర ఆగింది. "నేను ఊరికే భోజనానికొచ్చానండీ."

"ఊరికే ఎవలు పెడతరు సారూ" అంటూ బొక్క వేసింది. ఆయన ఒకసారి మొగులయ్యను, ఒకసారి బొక్కను చూశాడు. షుగరు గెలిచింది.

చివరికి మొగులయ్య విస్తరి దగ్గరికి వచ్చింది.

"వదినె, ఇది మొక్కు దావత్. బాట దావత్ అని ఊరంత టముకు ఏస్తవేంది" అన్నాడు పళ్ళు బిగించి.

"మొక్కుల నువ్వన్నదే అంటున్న మరిదీ. ఒక్క మాట ఎక్కువన్ననా?"

"గది ఏదో మాట వరసకు అన్న."

దేవమ్మ గంటెను గాలిలోనే ఆపింది. కూర రసం ఒక చుక్క జారి విస్తరిలో పడింది. బక్కమ్మ నమలడం ఆపింది. చెట్టు కింద మల్లన్న మెడ చాచాడు.

"ఏం వరసకు?" అంది ముత్యమ్మ లేస్తూ. "తల్లి మీద ఆన పెట్టి, యాటను కోసి, మాట వరస అంటవురా? నన్ను మంచం మీదికెల్లి లేపింది మాట వరసకా? బాట ఇయ్యనోడివైతే ఆ ఇస్తారి ముట్టకు. లే."

మొగులయ్య విస్తరి మీద నుంచి చేయి తీసేశాడు గానీ లేవలేదు. లేస్తే మొక్కు కూర కాదన్నట్టు, తింటే బాట ఇచ్చినట్టు. సాయం కోసం త్రినాథరావు వైపు చూశాడు. ఆయన నదిలో ఏదో అపురూపమైన పక్షి కనబడ్డట్టు అటే చూస్తున్నాడు.

"ఇదంత నీ ఎత్తు" అంది సంగమ్మ. కడీలు పాతిన నాటి నుంచి ఆమె దేవమ్మ మొఖం చూసి అన్న మొదటి మాట అది.

"ఎత్తు కాదు చెల్లె, వడ్డన."

"నీ పొలం ఎండిపోను. నీ బోరు కూలిపోను."

"బాట లేకున్నా గదే అయితది. కొత్తగ తిట్టు."

సంగమ్మ రాళ్ళ మధ్య పసుపు నీళ్ళలో పెట్టి ఉన్న మేక తలను చూసింది. నీళ్ళలో ఆడుతున్న తన పిల్లలను చూసింది. చప్పున మొగుడి ముందు గొంతుక్కూర్చొని, అతని విస్తరిలోంచే ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది.

"తిను."

"సంగా, నువ్వు సప్పుడు చెయ్యకు—"

"తినుమంటున్న. పోతే బాట పోయింది. రేపు పొల్లగాండ్లకు జరమొస్తే ఎవల దగ్గరికి పోవాలె? గా కుర్చీల కూసున్న సారు దగ్గరికా?"

మొగులయ్య నోరు తెరిచాడు. రాయి నమిలినట్టు నమిలాడు. మింగేదాకా ముత్యమ్మ కూర్చోలేదు. మల్లన్న చెట్టు కింద నుంచి, "అయిపాయె" అన్నాడు. దేవమ్మ నవ్వలేదు. మరిది విస్తరిలో రెండు గంటెల కూర పోసి, ఇంకా కావాలా అని మర్యాదగా అడిగింది.

తిరుగు ప్రయాణంలో బండి నడుమ ఖాళీగా ఉంది. అయినా అటువాళ్ళు ఇటు జరగలేదు, ఇటువాళ్ళు అటు జరగలేదు.

ఆ వారంలోనే బాటకు అడ్డంగా ఉన్న కడీల్లో రెండు ఊడొచ్చాయి. రెండే. మిగిలినవాటి నడుమ నుంచి ట్రాక్టర్ పోవాలంటే అటు ఒక వేలు, ఇటు ఒక వేలు సందు. గట్టు మీద సంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని, కడీకి ఎక్కడ తగులుతుందా అని రెప్ప వేయకుండా చూస్తూ ఉంది.

"ఇంకొక్కటి పీకితే ఏం పోతది అక్కా" అన్నాడు ట్రాక్టర్ నడిపే అతను, స్టీరింగ్ మీద వంగి చెమటలు కక్కుతూ.

"ట్రాక్టర్ పోయేటంత అన్నడు. పోతున్నది గద. మడ్‌గార్డు మీద కూసున్న మహారాణి కాళ్ళు పట్టేటంత అనలే" అంది సంగమ్మ.

నారు కట్టల పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్న దేవమ్మ కాళ్ళు లోపలికి ముడుచుకుంది.

"పోనీ తమ్మీ" అంది.