నూకరాజు ఊదలేదు

నూకరాజు మధ్యాహ్నం దాటితే చాలు తాగేస్తున్నాడని ఎదురింటి భీమారావు కుళాయి దగ్గర చెప్పాడట. రెప్పలు వాలిపోతున్నాయట, మాట ముక్కులోంచి వస్తోందట. "ఇరవయ్యేళ్లు లారీ తోలినోడు ఇన్నాళ్లకి దొరికాడు" అని నవ్వాడట కూడాను. ఆ కబురును వరహాలమ్మ చద్దన్నంతో పాటే మొగుడి ముందు పెట్టింది.

"సుక్క ముట్టలేదే," అన్నాడు నూకరాజు. నాలుగు ముద్దలకే దవడ అలిసిపోయింది. గడ్డం కింద అరచెయ్యి ఆనించి, అయిదో ముద్ద నమిలాడు.

అంతలో పక్కింటి నర్సు గ్రేస్ స్కానింగ్ కాగితం తెచ్చింది.

"పెద్ద డాక్టరు అనుకున్నదే, అన్నయ్యా. మయస్తీనియా. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. పసితనంలో పెద్దగా ఉండి, వయసొచ్చాక కరిగిపోవాలి. ఒంట్లో కాపలా కాసే కణాలకి మనోడెవడో పగోడెవడో నేర్పేది అదే. నీ దాంట్లో గడ్డ పెరిగి తప్పుడు చదువు చెప్తోంది. కాపలావాళ్లే నీ కండల మీద పడి, నరాల కబురు అందనివ్వట్లేదు."

"ఏభై దాటీసినాయి. నా లోపల ఇంకా పసోడి సరుకేటమ్మా?"

"గురువారం ఆపరేషన్. తీసేస్తారు. అప్పటిదాకా మాత్రలు వేళకి మింగు. డ్యూటీ మానెయ్."

"బండి తోల్ను. తాళం అప్పజెప్పీసి, సెలవు కాగితం మీద సంతకం ఎట్టించుకొచ్చెస్తాను."

తాను వలస వచ్చిన హిందీ ఊళ్లోని టాటీబంధ్ లారీ యార్డుకు పదింటికల్లా చేరాడు. సంతకం పెట్టాల్సిన యార్డు మేనేజరు వీరేంద్ర మధ్యాహ్నం మూడింటికి గాని రాలేదు. రేకుల షెడ్డు కింద నూకరాజు అలాగే నిలబడ్డాడు. రెండింటి మాత్ర గొంతు దిగలేదు. నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తే, ఎవరూ చూడకుండా తువ్వాలుతో తుడుచుకున్నాడు.

తాళం తీసుకున్నా, తిరిగిచ్చినా తాగిందీ లేనిదీ పట్టే మిషన్ గొట్టంలో ఊదాలన్నది ఆ యార్డు పద్ధతి. వీరేంద్ర మిషన్ ముందుకు చాపి, "ఫూంక్ మారో, రాజు" అన్నాడు.

నూకరాజు ఊదాడు. పెదాలు బిగియలేదు, గాలి పక్కలకు పోయింది. మళ్లీ ఊదాడు. మిషన్ ఉలకలేదు.

"నాటక్ మత్ కరో!" నాటకాలాడొద్దని కసిరాడు వీరేంద్ర.

వెనక వరుసలో డ్రైవర్లు నవ్వారు. నూకరాజు జేబులోని స్కానింగ్ కాగితం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయాడు. ముక్కులో మూలుగు తప్ప మాట రాలేదు. వాలిన రెప్పల కింది సందులోంచి వీరేంద్ర బూట్లు మాత్రం కనబడ్డాయి.

ఊదనివాడు తాగినవాడే. పడుకోబెట్టమని వీరేంద్ర క్లీనరు ధనుంజయ్‌కి పురమాయించాడు.

"మత్తు దిగినాక ఎల్దువుగాన్లే మావా," అంటూ ధనుంజయ్ అతన్ని డ్రైవర్ల గదిలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఫ్యాను వేసి, ఈగలు వాలకుండా మొహం మీద తువ్వాలు కప్పి వెళ్లాడు.

బయట హారన్లన్నీ నూకరాజుకు వినబడుతూనే ఉన్నాయి. ఊపిరి పొట్టిదైపోతోంది. తువ్వాలు తీసుకుందామనుకున్నాడు. చేతికి ఆ కబురు అందలేదు.

నాలుగున్నరకు టీ తెచ్చిన ధనుంజయ్ తువ్వాలు ఎత్తి చూశాడు. గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

ఫోను అందుకుని వరహాలమ్మ, గ్రేస్ ఆటోలో వచ్చారు. వరహాలమ్మకు ఏడుపు కూడా రాలేదు. మొగుడి నోటి దగ్గరకు వంగి వాసన చూసింది. పొద్దుటి చద్దన్నం ఉల్లిపాయ వాసన, అంతే.

ఊదమంటే ఊదలేదని, అందుకే తాగాడనుకున్నామని వీరేంద్ర హిందీలో రెండుసార్లు చెప్పాడు.

గ్రేస్ చచ్చినవాడి జేబులోంచి మడత విప్పని కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఊపిరుంటే ఊదేవాడు."

 కాగితం పక్కన, మిషన్‌కు తగిలించిన ప్లాస్టిక్ గొట్టం అంచున అతని పెదాల తడి ఇంకా ఆరలేదు.